ఊరు చేర్చే రేకు

మెకానిక్ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, ఈ పనిలో ముఖ్యంగా నేర్చుకోవాల్సింది ఏంది?" అని అడుగుతుంటారు. ఇంజను అంటానని వాళ్ల ఆశ. ఇంజను ఆగితే బండి ఆగుతుంది, అంతే. మనిషి దిగి, మనల్ని నాలుగు తిట్టుకుని, బస్సెక్కి ఇంటికి పోతాడు. ముందు చక్రాలను తిప్పే స్టీరింగు, బండిని వాటి మీద మోసే సస్పెన్షను అట్లా కాదు. బండి పరుగు మీద ఉన్నప్పుడే అవి మోసం చేస్తాయి. మోసం అవి చేస్తాయని రాశాను గానీ, ఇనుముకు మోసం తెలియదు. చేసేది మనమే.

నా పేరు దేవసహాయం. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద నలభై ఏళ్లు షెడ్డు నడిపాను. మోకాళ్లు మొరాయించాక షెడ్డు మూసేసి సొంత ఊరు ఉదయగిరి వచ్చి కూర్చున్నాను. ఎన్ని బండ్లు బాగుచేశానో చెప్పుకుంటూ పోతే మీకు ఆవులింతలు వస్తాయి. అందుకని ఒక్క బండి సంగతే చెబుతాను. దాన్ని రెండుసార్లు పాడుచేసి, మొన్న ఒకసారి బాగుచేశాను. నడుమ ఒక మనిషి బతుకు పాడైంది. సిగ్గుగానే ఉంది. అయినా మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి వినండి.

చేతికి తెలిసేది

నాకు పని నేర్పింది మస్తాన్ మేస్త్రి. మనిషి పొట్టి, నోరు పొడుగు. స్పానరు కింద పడేస్తే తిట్లు, తప్పు సైజు అందిస్తే తిట్లు, పని బాగా చేస్తే మౌనం. ఆ మౌనం కోసం ఆరేళ్లు ఆయన దగ్గర పడి ఉన్నాను.

ఆయన నేర్పిన మొదటి విద్య చక్రం పట్టి ఊపడం. బండిని జాకీ మీద లేపి, ముందు చక్రాన్ని అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపాలి. ఆడితే స్టీరింగు కడ్డీల కొసలు అరిగాయని అర్థం. తర్వాత పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడితే బేరింగు కావచ్చు, చక్రం తిరగడానికి ఆధారంగా ఉండే నిలువు పిన్ను కావచ్చు. రెండిట్లో ఏదో తేలాలంటే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించాలి. తొక్కినప్పుడు ఆట ఆగితే బేరింగు. ఆగకపోతే పిన్ను. ఇంత సులువైన పరీక్షను ఇప్పటికీ సగం మంది చేయరు. బండి ఎక్కి ఒక చుట్టు కొట్టివచ్చి, "అంతా బాగుండాది" అనేస్తారు.

"కన్ను అబద్ధం చెప్తాది గానీ చెయ్యి చెప్పదురా," అనేవాడు మేస్త్రి. నా చెయ్యి అబద్ధం చెప్పడం కూడా నేర్చుకుందని తెలియకుండానే పోయాడు. అదృష్టవంతుడు.

ఇంకొకటి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజుల్లో ఏ సామాను కావాలన్నా నెల్లూరు నుంచి బస్సులో రావాలి. దుత్తలూరు దాటి ఆ మెట్ట మీద బండి ఆగిందంటే సామాను కోసం మూడు రోజులు కూర్చోలేరు కదా. అప్పుడు బిస్కెట్ల డబ్బా నుంచి సన్నటి రేకు కత్తిరించి, అరిగిన చోట చుట్టి బిగించేవాళ్లం. ఆట పోయేది. దానికి మా షెడ్డులో ఒక పేరుంది, ఊరు చేర్చే పని. మేస్త్రి రేకు వేసిన ప్రతిసారీ డ్రైవరు మొహం మీదే చెప్పేవాడు: "ఇది ఊరు చేర్చే పని. ఊరు చేరినాక విప్పాల." చెప్పి ఊరుకోకుండా స్టీరింగుకు ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టేవాడు. రేకు తీసి కొత్త సామాను వేసిన చెయ్యే ఆ గుడ్డను విప్పాలి. బండి ఎవరిదైనా సరే, కలెక్టరుదైనా సరే, గుడ్డ కట్టాల్సిందే.

అయ్యగారి అంబాసిడర్

మా పాస్టరు అయ్యగారికి తెల్ల అంబాసిడర్ ఉండేది. అప్పటికే అది ముసలిది. దాన్ని నడిపేది సుందరం. నా ఈడువాడే, ఒకే బడిలో చదివాం, ఒరే అంటే ఒరే. బండిని తుడిచేవాడు, దానితో మాట్లాడేవాడు, గుంత కనిపిస్తే దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు పోయేవాడు. అయ్యగారు వెనక కూర్చుని, "ఒరే సుందరం, మనం చేరేలోపు ప్రభువు రెండో రాకడ వస్తుందేమోరా," అని నవ్వేవారు.

ఉదయగిరిలో మా సంఘాల మహాసభలు. రేపు మొదలనగా బండి నా షెడ్డుకొచ్చింది. ముందు చక్రాలు రెండూ పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఆ కారులో నిలువు పిన్ను కింది కొసకు మర ఉంటుంది. ఆ మరను ఒక దిమ్మ పట్టుకుని ఉంటుంది. చక్రం తిరిగినప్పుడల్లా పిన్ను ఆ మరలో కొంచెం బిగుస్తూ, కొంచెం వదులవుతూ ఉంటుంది. దానికి గ్రీజే ప్రాణం. గ్రీజు అందక మర అరిగిపోతే ఏదో ఒక రోజు పిన్ను దిమ్మలోనుంచి ఊడివస్తుంది, చక్రం లోపలికి మడుచుకుపోతుంది.

కొత్త సామాను నెల్లూరు నుంచి రావాలి. అయ్యగారికి తెల్లారి ఉదయగిరిలో అతిథులు. రెండు పక్కలా రేకు వేశాను. ఊపి చూపించాను. చక్రం బండరాయిలా నిలబడింది. అయ్యగారు నా భుజం తట్టి, పక్కనున్న పెద్దమనుషులతో, "దేవసహాయం చెయ్యి పడితే చాలు, ఇనుము కూడా మాట వింటుంది," అన్నారు.

ఆ మాటతో నేను కొంచెం లావయ్యాను. ఎర్ర గుడ్డ నా జేబులోనే ఉంది. తెల్ల కారు, సభలకు పోయే కారు, అందులో పెద్దలు ఎక్కుతారు, స్టీరింగుకు పీలిక వేలాడుతుంటే నా పనితనానికి నామోషీ అనిపించింది. కట్టలేదు. సుందరంతో చెప్పనూ లేదు. చెబితే అయ్యగారు అన్న మాట వెనక్కి పోతుందేమోనని.

వారం తిరక్కుండా సామాను వచ్చింది. షెల్ఫు మీద పెట్టాను. అది ఆ షెల్ఫు మీదే ఏడు నెలలు ఉంది.

బిగువు

నడుమ ఒకసారి సుందరం వచ్చాడు. నలుగురు కూర్చుని టీ తాగుతున్నాం.

"దేవా, ఎడమకి తిప్పేటప్పుడు స్టీరింగు బిగువుగా ఉండాదిరా. ఒకసారి చూస్తావా?" అన్నాడు.

మీకు చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇది. స్టీరింగు వదులైతే అందరూ భయపడతారు. బిగువైతే ఎవరూ పట్టించుకోరు. కానీ బిగువే పెద్ద జబ్బు. ఎక్కడో గ్రీజు ఆగిపోయింది, ఇనుము ఇనుమును తింటోంది అని అది మొత్తుకోవడం. నేను వేసిన రేకు గ్రీజు దారికి అడ్డం జరిగి ఉంటుంది. ఆ మాట వినగానే నాకు అది తట్టాలి. తట్టిందేమో కూడా. చేతిలో వేరే బండి పని ఉంది, టీ వేడిగా ఉంది.

"ఏందిరా, పొద్దున అన్నం తినలేదా? మీ ఆవిడ సద్ది కట్టలేదా?" అన్నాను.

అందరూ నవ్వారు. సుందరం కూడా నవ్వి, తల గోక్కుంటూ పోయాడు.

నెలలోపే ఉదయగిరి నుంచి వస్తూ దుత్తలూరు ఇవతల ఎడమ ముందు చక్రం మడుచుకుపోయింది. కారు రోడ్డు దిగి మట్టికట్టను గుద్దింది. పట్టపగలు, ఎదురుగా ఒక్క బండి లేదు. అయ్యగారికి దెబ్బ తగల్లేదు. సుందరం నుదురు పగిలింది. వెనక అయ్యగారి పక్కన కూర్చున్న ఆయన భార్య, మా అమ్మగారికి, తుంటి విరిగింది.

కారును నా షెడ్డుకే లాక్కొచ్చారు. ఎవరూ లేకుండా చూసి ఎడమ పక్క విప్పాను. దిమ్మలో మర అన్నది లేదు, నున్నగా అయిపోయింది. రేకు ముక్కలు ముక్కలుగా నలిగి ఉంది. వాటిని ఏరి దిబ్బలో పారేశాను. సాయంత్రం అయ్యగారు వచ్చి, "కారణం ఏంది దేవసహాయం?" అని అడిగారు.

"బండిలో లోపం లేదయ్యా. చక్రం దేన్నో గట్టిగా కొట్టుకోనుండాది," అన్నాను.

సుందరం పేరు నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకుండా చేశాను.

ఎడమ పక్కకు కొత్త సామాను వేశాను. కుడి పక్క విప్పలేదు. బాగున్న పక్క ఎందుకు విప్పావని ఎవరైనా అడుగుతారని భయం. నా వయసువాళ్లు చాలామంది ఏదో ఒక తప్పు చేసి ఉంటారు. కానీ తప్పు తెలిశాక కూడా అదే రేకును రెండో చక్రం కింద వదిలేసిన వాడు ఇంకొకడు ఉంటాడని నేను అనుకోను. ఆ తర్వాత ప్రతి నెలా నేనే కబురుచేసి కారు తెప్పించుకుని, కుడి పక్క గ్రీజు దట్టించి పంపేవాణ్ణి. నా శ్రద్ధ చూసి అయ్యగారు మురిసిపోయేవారు. కారు ఆ తర్వాత ఎక్కువ తిరగలేదు. ఇంకో ప్రమాదం జరగకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు.

సాక్ష్యం

మా సంఘంలో ఆరాధన నడుమ సాక్ష్యం చెప్పే సమయం ఉంటుంది. ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు, తాము చేసిన తప్పు అందరి ముందూ చెప్పుకోవచ్చు. అమ్మగారు కర్ర పట్టుకుని నడవగలిగాక కృతజ్ఞతా కూటం పెట్టారు. అయ్యగారు సాక్ష్యం చెప్పి కూర్చున్నారు. వెనక నుంచి సుందరం లేచాడు. అతణ్ణి ఎవరూ లెమ్మనలేదు.

"అయ్యగారు నన్ను ఒక్క మాట అన్లేదు. అందుకే నేనే చెప్పుకుంటా ఉండాను. బండిలో లోపం లేదంట. రోడ్డు మీద ఎవురూ లేరు. అంటే నాకు కునుకు పట్టి ఉంటాది. నాకు గుర్తు లేదు గానీ, పట్టే ఉంటాది. అమ్మగారి కాలు నా పాపమే. నన్ను క్షమించండి," అన్నాడు.

గుడి అంతా "ఆమెన్" అంది. అందులో నా గొంతు కూడా ఉంది. నాది గట్టి గొంతు.

కునుకు తీసిన డ్రైవరుకు బండి ఎవరిస్తారు? సుందరం భార్య ఊరు కొండాపురం పక్కన. అక్కడికి వెళ్లిపోయి పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మంట వేసే పనిలో కుదిరాడు. మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. ఏటా మహాసభలకు వచ్చి, కనబడినవాళ్లకల్లా మా సంఘం పలకరింపు 'వందనాలు' చెబుతాడని వినేవాణ్ణి, నేను మాత్రం ఎదురుపడకుండా తప్పుకునేవాణ్ణి.

కుడి పక్క

అయ్యగారు పోయి నాలుగేళ్లయింది. ఆయన కూతురు సుగుణ ఆత్మకూరులో టీచరు, అమ్మగారు ఆమె దగ్గరే ఉంటారు. మొన్న ఎండాకాలం సుగుణ ఆ కారును లారీలో ఎక్కించి ఉదయగిరిలో మా ఇంటికి పంపింది. ఫోనులో, "అంకుల్, నాన్న కారు మళ్లీ రోడ్డెక్కాలి. వేరేవాళ్లను నమ్మను. నాన్న కూడా మిమ్మల్నే నమ్మారు," అంది. కాదనడానికి కారణం చెప్పాలి కదా. అందుకని సరే అన్నాను.

గేదెల కొట్టం ఖాళీ చేసి కారును అందులోకి నెట్టించాను. ఇంట్లో పని చేసుకునేవాళ్లకు ఒక మాట. జాకీని నమ్మి కింద దూరొద్దు, చెక్క దిమ్మెలు పెట్టండి. కడ్డీల కొసల్ని ఊడదీయడానికి సుత్తితో బాదొద్దు, మరలు పోతాయి. విప్పిన ప్రతి నట్టూ ఎడమదీ కుడిదీ వేరువేరు గిన్నెల్లో వేయండి, ఎందుకంటే ఆ కింది దిమ్మల్లో ఎడమ మర, కుడి మర ఒకటి కాదు. గిన్నెలు పోయినందుకు మా ఆవిడ రాజమ్మ రెండు రోజులు సణిగింది. సణుగుతూనే లోపల కూర్చుని బ్రేకు తొక్కింది.

"తొక్కేదా, వదిలేదా?"

"తొక్కు."

"తొక్కినా. ఇంకెంతసేపు? పొయ్యి మీద పప్పుండాది."

కుడి చక్రం పట్టి ఊపాను. కదల్లేదు. ఏమీ తెలియనివాడు ఎవరైనా అక్కడితో బాగుందనేవాడు. నేను విప్పాను. దిమ్మలోనుంచి నల్లటి గ్రీజుతో పాటు రేకు బయటికొచ్చింది. కిరసనాయిలులో కడిగాను. బిస్కెట్ల డబ్బా పసుపు రంగు ఇంకా కొంచెం మిగిలి ఉంది. మర రెండు చుట్లే మిగిలింది. ఆ రెండు చుట్ల మీద అయ్యగారు, అమ్మగారు, సుగుణ, ఆమె పిల్లలు కారు మూలనపడేదాకా తిరిగారు. అక్కడే పేడ గచ్చు మీద కూర్చుండిపోయాను.

రాజమ్మ దిగి వచ్చింది. "అదేంది?" అంది.

చెప్పేశాను. మొత్తం చెప్పాను. ఆమె కొట్టం గుంజకు ఆనుకుని విన్నది. పప్పు మాడుతున్న వాసన వస్తున్నా కదల్లేదు.

"అమ్మగారి తుంటి విరిగినప్పుడు మూణ్ణెల్లు నేనే గదా ఆమెకి స్నానం పోసింది. నొప్పికి నా చెయ్యి కొరికేది. ఆ మూణ్ణెల్లూ ఇంటికొచ్చి నీకు కథ చెప్పినట్టు చెప్పినా. వింటా అన్నం తిన్నావు," అంది. ఆ తర్వాత వారం రోజులు అవసరానికి తప్ప నాతో మాట్లాడలేదు.

పని మాత్రం పూర్తిచేశాను. రెండు పక్కలా పిన్నులు, దిమ్మలు, బుష్షులు, కడ్డీల కొసలు అన్నీ కొత్తవి. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు రెండు వేళ్లతో తిరిగేదాకా వదల్లేదు. దారం కట్టి చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో మూడుసార్లు చూశాను. నా బతుకులో ఇంత మంచి పని చేయలేదు. మేస్త్రి ఉంటే మౌనంగా ఉండేవాడు. ఆ సంతోషం నాకు అరగంట కూడా నిలవలేదు.

కొండాపురం

బస్సెక్కి కొండాపురం పోయాను. సుందరం ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి నవ్వి, "ఏందిరా దేవా, దారి తప్పినావా?" అన్నాడు. మనవరాలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి వెళ్లింది. తాగకుండానే చెప్పాను. మాటలు వెతుక్కోలేదు. రేకు తీసి మంచం మీద పెట్టాను.

దాన్ని తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"అయితే నేను నిద్రపోలా?"

"పోలా."

"కునుకు కూడా పట్టలా?"

"లేదురా. నువ్వు బాగానే నడిపినావు."

"నేను మేలుకొనే ఉండానా?" అని మూడోసారి అడిగాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. నేను తల ఊపాను.

"ఆ పొద్దుటి నుంచి నన్ను నేను నమ్మలేదురా. నా బిడ్డల్ని సైకిలు మీద ఎక్కించుకోలా. బ్యారన్ కాడ మంట దగ్గర కునుకొస్తాదేమోనని గిల్లుకుంటా కూర్చుంటా. ఇదిగో చూడు," అని గిల్లుడు మచ్చలున్న ముంజెయ్యి చూపించాడు. నేను సరిగ్గా చూడలేకపోయాను.

ఆ తర్వాత కోపం వచ్చింది. రావాలి.

"బిగువుగా ఉండాదని చెప్పినా కదరా నీకు."

"చెప్పినావు."

"అన్నం తినలేదా అంటివి. అందరూ నవ్విరి."

"అన్నాను."

"లెయ్ ఈడ్నుంచి," అన్నాడు. లేచాను. వాకిలి దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు. "నాకు చెప్పి పోతే నీ బరువు దిగద్ది. నా బరువెట్ట దిగద్దిరా? నేను ఎవురి ముందర చెప్పుకున్నానో వాళ్ల ముందర చెప్పు. ఆదివారం నేనూ వస్తా. వెనక కూర్చుంటా."

ఆదివారం

ఆత్మకూరు గుడిలో ఆ ఆదివారం కొత్త పాస్టరుగారు, "సాక్ష్యం ఎవరైనా?" అనగానే లేచాను. నన్ను చూసి చాలామంది నవ్వుమొహం పెట్టారు. సంఘపెద్దను కదా, అయ్యగారి కారు బాగుచేశానన్న సంగతి చెబుతాననుకున్నారు.

రేకు గురించి చెప్పాను. ఎర్ర గుడ్డ కట్టలేదని చెప్పాను. సుందరం వచ్చి బిగువుగా ఉందంటే ఎగతాళి చేశానని, నవ్వినవాళ్లలో ఇద్దరు ఈ గుడిలోనే ఉన్నారని, తప్పు వాళ్లది కాదు నాదని చెప్పాను. ముక్కలు దిబ్బలో పారేశానని, కుడి పక్క తెలిసే వదిలేశానని చెప్పాను. "సుందరం నిద్రపోలేదు. నాకు ఆ రోజే తెలుసు," అన్నాను. సుగుణ మొహం చేతుల్లో దాచుకుంది. నవ్వుమొహాలన్నీ వాడిపోయాయి. కూర్చోవాలో నిలబడాలో తెలియక అట్లాగే ఉండిపోయాను.

ఆడవాళ్ల వైపు ముందు బెంచీలోనుంచి అమ్మగారు లేచారు. సుగుణ పట్టుకోబోతే వద్దన్నారు. కర్ర ఆనించుకుంటూ, ఒక పక్కకు ఒరుగుతూ నడవా వెంట వచ్చారు. నా దగ్గర ఆగుతారనుకున్నాను. కర్రతో కొట్టినా బాగుండుననిపించింది. నా వైపు చూడలేదు. నన్ను దాటి చివరి బెంచీ దాకా పోయారు. సుందరం లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏటా మహాసభల్లో వచ్చి నాకు వందనాలు చెప్పేవాడివి," అన్నారు అమ్మగారు. "నా కాలు గుర్తొచ్చేది నాయనా. వినబడనట్టు మొహం తిప్పుకున్నా. ఒక్కసారి కూడా నీకు బదులు చెప్పలేదు."

సుందరం తల వంచుకున్నాడు.

"వందనాలు సుందరం," అన్నారు.

అతని పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎవరో ఆమెకు కుర్చీ తెచ్చారు. ఆమె కూర్చోలేదు. అతడు బదులు చెప్పేదాకా ఆ తుంటి మీదే నిలబడి ఉన్నారు.